గోడలో మూయబడిన స్త్రీ



గడచిన వేసవిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసి జనులందరు వెళ్లిపోయిన తరువాత, మా సంఘములోని ఒక సహోదరి మందిరములో చివరి బల్లమీద ఒంటరిగా కూర్చుండియుండెను. కొంగు ముఖముమీదికి లాగుకొని యుండెను. దగ్గరకు పోయి పలుకరించితిని. ఎడమ చెంప వాచియున్నది. ఎందుకని అడుగనవసరము లేకపోయెను. ఆమె భర్త సంగతి ఊరంతయు ఎరుగును. కొంతసేపటికి ఆమె తానే చెప్పెను: "ఏ జన్మలో ఎవరి ఉసురు పోసుకున్నానో అయ్యగారూ, ఈ జన్మలో అనుభవిస్తున్నాను."

ఆమె తాత మిషనరీ దొరగారి చేతిమీద బాప్తిస్మము పొందినవాడు. ఆమె చిన్ననాట సండేస్కూలులో బంగారు వాక్యములు అప్పగించి బహుమతి పుచ్చుకొన్న పిల్ల. మూడు తరముల క్రైస్తవురాలి నోట ఈ మాట ఎక్కడనుండి వచ్చినది? ఇంటికి నడచినంతసేపు నేను దీనినే ఆలోచించితిని.

ఆ వారములోనే, పట్టణములో కాలేజీ చదువుచున్న మా అన్నగారి కుమార్తె సెలవులకు వచ్చి, ఒక లావాటి ఇంగ్లీషు నవలను నా బల్లమీద పెట్టి, "బాబాయ్, ఇది చదివి చూడండి, నేను రెండు రాత్రులు నిద్రపోలేదు" అనెను. చదివితిని. ఆ సహోదరి చెప్పిన మాటయే ఆ పుస్తకములో అయిదు వందల పుటలకు పైగా పట్టువస్త్రములు కట్టుకొని కూర్చుండియున్నది. అందుచేత ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

"ఇంగ్లీషు నవలతో పల్లెటూరి సంఘమునకు ఏమి పని అయ్యగారూ?" అని మీరడుగవచ్చును. పని యున్నది. మీ పిల్లలు నేడు కాలేజీలలో వీనిని చదువుచున్నారు. చదువనివారు సినిమాలో చూచుచున్నారు. 1964లో వచ్చిన మూగ మనసులు చూచి మన తల్లులు కొంగు తడుపుకొనలేదా? 2009లో వచ్చిన అరుంధతి సినిమాలో పాత కోట, సమాధిలో మూయబడిన దుష్టుడు, మరల పుట్టిన జేజమ్మ, ఇవన్నియు మీ పిల్లలకు కంఠస్థమే. కథ ఏ భాషలో నున్నను సరుకు ఒక్కటియే.

ఆ నవల పేరు గ్రీన్ డార్క్‌నెస్. అనగా పచ్చని చీకటి. వ్రాసినది ఆన్యా సీటన్ అను అమెరికా రచయిత్రి. 1972లో ప్రకటింపబడి మిక్కిలిగా అమ్ముడుపోయినది. ఇంగ్లీషు సాహిత్యములో గోథిక్ అను ఒక కథాజాతి కలదు. పాత భవనము, తాళము వేసిన గది, పెద్దలు కప్పిపుచ్చిన ఒక ఘోరము, దానిలో చిక్కుకొన్న ఒక పడుచు, ఇవి దాని దినుసులు. 1764లో హొరేస్ వాల్‌పోల్ అను ఆయన ఒట్రాంటో కోట అను పుస్తకముతో దీనికి పునాది వేసెను. 1847లో షార్లెట్ బ్రాంటీ అను పాదిరిగారి కుమార్తె, జేన్ అయిర్ అను నవలలో, మేడమీద దాచియుంచబడిన భార్యను చూపెను. 1938లో డాఫ్నీ డ్యు మారియే, రెబెక్కా అను నవలలో, చచ్చియు ఇల్లు విడువని మొదటి భార్య జ్ఞాపకమును చూపెను. తరువాతి వారిలో అనేకులు రెండు కాలములను పక్కపక్కన నడిపించుట అలవాటు చేసికొనిరి. కొంత భాగము నేటి కథ, కొంత భాగము వందల ఏండ్లనాటి కథ. నాటి రహస్యము బయటపడినగాని నేటి చిక్కు విడదు. సీటన్‌గారి నవల ఈ కోవలోనిది.

కథ వినుడి. 1968వ సంవత్సరము. ఇంగ్లండులోని సస్సెక్స్ సీమలో ఒక పాత భవనమునకు యజమానుడు రిచర్డ్ మార్స్‌డన్. ధనికురాలైన సీలియా అను అమెరికా పడుచును ప్రేమించి పెండ్లాడి తన భవనమునకు తీసికొని వచ్చెను. కొన్నాళ్లకే అతడు మారిపోయెను. మాట కరకైనది, మనస్సు రాయియైనది. భార్య బెదరిపోయి, తుదకు ప్రాణముండియు కదలిక లేని బొమ్మవలె పడిపోయెను. ఇంగ్లీషు వైద్యుల విద్య చాలలేదు. అప్పుడు ఆమె తల్లికి స్నేహితుడైన ఒక హిందూ వైద్యుడు, ఈ వ్యాధికి మూలము ఈ జన్మలో లేదనియు, నాలుగు వందల ఏండ్ల క్రిందటి జన్మలో నున్నదనియు గ్రహించి, ఆమెను ఆ జన్మలోనికి నడిపించెను.

ఈ వైద్యునికి రచయిత్రి పెట్టిన పేరు జిడ్డు అకానంద. జిడ్డు అనునది మన తెలుగువారి యింటిపేరు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారిది ఆ యింటిపేరే. ఆయనను జగద్గురువుగా చేయవలెనని దివ్యజ్ఞాన సమాజమువారు పెంచగా, 1929లో ఆయన తన చుట్టు కట్టిన సంఘమును తానే రద్దుచేసి, సత్యమునకు గురువుల మధ్యవర్తిత్వము అక్కరలేదని చెప్పి లేచిపోయెను. అట్టివాని యింటిపేరు నవలలో గురువుగారికి తగులుకొనుట విచిత్రము కాదా?

ఇక పాత జన్మ. అది పదునారవ శతాబ్దపు నడిమి కాలము. ఆరవ ఎడ్వర్డు రాజు కాలమున ప్రొటెస్టెంటు మతము రాజ్యమేలుచుండెను. 1553లో మేరీ రాణి రాగా కథోలిక మతము తిరిగి వచ్చెను. 1558లో ఎలిజబెత్ రాణి రాగా మరల తలక్రిందులయ్యెను. కౌడ్రే అను గొప్ప భవనములో, ఒక బంధువురాలి చాటున బ్రదుకుచున్న సీలియా అను బీద పిల్ల, ఆ యింటి ప్రార్థనలు నడిపించు స్టీఫెన్ అను సన్యాసిని ప్రేమించెను. అతడు బెనెడిక్టు సభవాడు. బ్రహ్మచర్యమునకు ప్రమాణము చేసినవాడు. ఏండ్లు గడచెను. తుదకు కెంటు సీమలో ఇటమ్ మోట్ అను మరియొక భవనములో ఇద్దరును పడిపోయిరి. ఆమె గర్భవతి యయ్యెను. ఆ యింటి యజమానురాలు ఆమెను ప్రాణముతోనే గోడలో పెట్టి మూయించెను. ఆ సన్యాసి అంతమును ఘోరమే. ఆ సన్యాసియే నేటి రిచర్డ్. ఆ పిల్లయే నేటి సీలియా. నాడు ఆమెను రక్షింపలేకపోయిన ఇటలీ వైద్యుడే నేటి అకానంద. ఆమె ఆ చావును మరల అనుభవించిన పిమ్మట దంపతులకు విడుదల కలిగినది. ఇది కథ.

న్యాయముగా చెప్పవలెనన్న, ఈమె సోమరి రచయిత్రి కాదు. కౌడ్రే భవనము నిజము. దాని యజమానుడైన సర్ ఆంథొనీ బ్రౌన్ చరిత్ర పురుషుడు. 1552లో ఎడ్వర్డు రాజు అక్కడికి అతిథిగా వచ్చుట నిజము. 1793లో ఆ భవనము కాలిపోయి నేటికిని మొండిగోడలతో నిలిచియున్నది. ఇటమ్ మోట్ భవనము చుట్టు నీటి కందకముతో ఈనాటికిని చెక్కుచెదరక యున్నది. 1985 నుండి అది నేషనల్ ట్రస్టు అను సంస్థ ఆధీనములో నున్నది. 1870ల ప్రాంతమున అక్కడ పనివారు ఒక గోడ పగులగొట్టగా లోపల ఒక స్త్రీ ఎముకలు కనబడెనని చెప్పుకొందురు. అది చెప్పుకొనుటయే గాని సాక్ష్యముతో నిలిచిన చరిత్ర కాదు. ఆ గోడలోని తావు కథకు ప్రాణమైనది.

ఈ గోథిక్ కథలలో ఒక సత్యము గలదని నేనొప్పుకొందును. దాచిన పాపము దాగియుండదు. ఆకాను దోచిన సొమ్మును డేరా క్రింద పాతిపెట్టెను. ఇశ్రాయేలు సేన హాయి యెదుట ఓడిపోయెను. హేబెలు రక్తము నేలలోనుండి మొరపెట్టెను. ప్రతి యింటిలోను పెద్దలు పేరెత్తని ఒక గది యుండును. ఆ గది పిల్లల నిద్రను చెరుపును. దీనిని చెప్పినందుకు ఈ నవలలను నేను నిందింపను. ఆ గది తలుపు తీయుటకు వీరిచ్చిన తాళపుచెవిని నిందించుచున్నాను. అది తప్పుడు తాళపుచెవి. దానిమీద నాకు మూడు నేరారోపణలు కలవు.

మొదటిది: ఈ నేరమునకు సాక్షి లేడు. నేటి మనిషి పాత జన్మలో ఫలానివాడని ఎవరు చెప్పుదురు? గురువుగారొక్కరే. ఎవరు పరీక్షింపగలరు? ఎవరును పరీక్షింపలేరు. ఈ నవలకు ముందు, 1956లో, అమెరికాలో ఒక పుస్తకము దేశమంతటిని ఊపివేసెను. కొలరాడో రాష్ట్రములో ఒకామెను మాయనిద్రలో నుంచి ప్రశ్నింపగా, తాను 1798లో ఐర్లండులోని కార్క్ పట్టణమున పుట్టిన బ్రైడీ మర్ఫీననియు, 1864లో చనిపోతిననియు చెప్పెను. విలేఖరులు ఐర్లండు పోయి వెదకిరి. ఆ పుట్టుకకుగాని ఆ చావుకుగాని దాఖలా దొరకలేదు. కాని ఆమె చిన్ననాట పెరిగిన చికాగో వీధిలో, ఎదుటి యింట బ్రైడీ అను పేరుగల ఒక ఐర్లండు స్త్రీ కాపురముండెనని ఒక పత్రిక బయటపెట్టెను. పసితనమున చెవినిబడిన మాటలే నిద్రలో జన్మాంతరముగా లేచినవని ఆ పత్రిక వాదించెను.

రెండు కాలముల కథ వ్రాయుటకు పునర్జన్మయే కావలెనా? అక్కరలేదు. 1990లో ఎ. ఎస్. బయట్ అను ఆంగ్ల రచయిత్రి పొజెషన్ అను నవలలో, నేటి పండితులిద్దరు పాతకాలపు కవులిద్దరి ఉత్తరములను వెదకి వారి రహస్యమును తెలిసికొన్నట్లు వ్రాసి బుకర్ బహుమతి పొందెను. ఉత్తరమును ఎవడైనను చదువవచ్చును, అబద్ధమైతే చూపవచ్చును. పూర్వజన్మను గురువుగారి కండ్లతోనే చూడవలెను. మీ యింటి చిక్కునకు కారణము మీకు కనబడని చోట తనకు కనబడుచున్నదని చెప్పువానిని, ఏ మతమువాడైనను, నమ్మకుడి.

రెండవది: ఈ నవల భర్త కాఠిన్యమును అతని చేతిలోనుండి తీసి మరియొకని చేతిలో పెట్టుచున్నది. రిచర్డ్ తన భార్యను బాధించుట చూచినప్పుడు పాఠకుడు, "పాపము, ఇతనిని ఏ రహస్యము బాధించుచున్నదో" అని జాలిపడును. ఆ జాలియే ఈ కథల వ్యాపారము. మొరటు మగవాడు కనబడిన వెంటనే అతడు విప్పవలసిన పొడుపుకథయై కూర్చుండును. విప్పవలసిన భారము ఆడుదానిమీద పడును. అతడు బాగుపడుటకు మందు ఏమి? ఆమె మరల ఒకసారి గోడలో ఊపిరాడక చచ్చుట. అతడు పశ్చాత్తాపపడడని నేననను. కాని ఆ పశ్చాత్తాపమునకు ఖర్చు ఎవరు పెట్టుకొనిరో చూడుడి. దెబ్బ తిన్నది ఆమె, మంచము పట్టినది ఆమె, మందు మ్రింగినదియు ఆమెయే.

తల్లులారా, కన్నెలారా, మీతో చెప్పుచున్నాను. కొట్టు చేయి ఈ జన్మలోని చేయి. అది త్రాగినది ఈ సాయంకాలమే. దానిలో గంభీరమైన రహస్యమేమియు లేదు. వాని కన్నులలో ఏదో నాలుగు వందల ఏండ్ల దుఃఖమున్నదని కథ చెప్పినయెడల, ఆ కథను మూసి పెట్టుడి.

మూడవది, అన్నిటికంటె బరువైనది: ఈ పూర్వజన్మ లెక్క ధనికుల మేడలో ఒక విధముగాను, బీదవాని గుడిసెలో మరియొక విధముగాను పనిచేయును. సీటన్‌గారి నవలలో మరల పుట్టినవారిలో మేడలవారే ముందు నిలిచియున్నారు. అక్కడ కర్మ సిద్ధాంతము ఒక నగ; మెడలో వేసికొని చూచుకొనుటకు బాగుండును. మన దేశములో అది కాలికి వేసిన బండ. మన తాతలు ఊరికి వెలుపల ఎందుకుండిరి? బావిలో కడవ ముంచనీయక దోసిట ఎందుకు పోసిరి? వెట్టికి ఎందుకు పోయిరి? అడిగిన ప్రతిసారి ఒకటే జవాబు: పోయిన జన్మలో చేసికొన్నదిరా, అనుభవింపుము. ఈ జవాబుతో భూస్వామి చేతులు కడుగుకొనెను. కరణము చేతులు కడుగుకొనెను. దొంగిలింపబడినవానినే దొంగగా నిలువబెట్టిన న్యాయమిది.

పొరుగువారి మతమును దూషించుటకు నేనిట్లు వ్రాయుటలేదు. వారిలోనే ఎందరో పెద్దలు ఈ అన్యాయమును ఎదిరించిరి. మన వినుకొండ బిడ్డ జాషువ కవిగారు 1941లో గబ్బిలము కావ్యములో, అంటరానివాని ఆకలికి కర్మను చూపి తప్పించుకొన్న లోకమును నిలదీసిరి. ఆ కావ్యమును చదివి కండ్లు తుడుచుకొన్నవారిలో అన్ని కులములవారును ఉన్నారు. ఆ కవి ఇంగ్లీషువారి మేడకు పోయి ఈ నవల చదివియుండిన యెడల ఏమనెడివారో ఊహించుకొనుడి.

మన ప్రభువు ఎదుటకు ఈ ప్రశ్న సూటిగా వచ్చినది. పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఇది వీని పాపమా, వీని కన్నవారి పాపమా అని శిష్యులడిగిరి. పుట్టుటకు ముందే పాపము చేసెనా అని అడుగుట గమనించితిరా? ఆ ఆలోచన అప్పుడును లోకములో లేకపోలేదు. ఆయన రెండు జవాబులను కొట్టివేసెను. తరువాత ఉపన్యాసము చెప్పలేదు; నేలమీద ఉమ్మి వేసి బురద చేసి వాని కన్నులకు పూసి, కోనేటికి పంపెను. వెనుకటి లెక్క అడిగినవారికి ముందు చేయవలసిన పని చూపెను. గోడలో మూయబడిన స్త్రీని చూచినప్పుడు ఆమె ఏ జన్మలో ఏమి చేసెనని అడుగువాడు పండితుడు. గునపము తెచ్చువాడు పొరుగువాడు.

కొందరందురు: "కథే గదా, అయ్యగారు ఇంత గొడవ చేయనేల?" కథ చిన్నది కాదు. దావీదు రాజు ఎదుట నాతాను ప్రవక్త నిలిచి ఒక చిన్న గొఱ్ఱెపిల్ల కథ చెప్పెను. ఆ కథ గోడను బద్దలుకొట్టి లోపలి శవమును బయటపెట్టెను. కథ గోడను కూల్చగలదు. అట్లే గోడను కట్టగలదు. మంచము పట్టిన ఆ సహోదరికి ఆమె మాటను ఏ ఉపనిషత్తు చదివి చెప్పలేదు. పాటలు చెప్పినవి, సినిమాలు చెప్పినవి, అత్తగారు చెప్పెను.

మరికొందరందురు: "ఇది అన్యుల బోధ, మనము సురక్షితులము." ఇక్కడ నేను మనలను విడిచిపెట్టను. ఈ దినములలో మన పల్లెలలో పందిళ్లు వేసి మైకులు పెట్టి తరతరముల శాపమును తెంచెదమని బోధించువారు ఎందరు లేరు? మీ ముత్తాత చేసిన విగ్రహారాధనవలన మీ కుమారునికి ఉద్యోగము లేదట. మీ అమ్మమ్మ శాపమువలన మీ కుమార్తెకు గర్భము నిలువలేదట. ఈ నూనె బుడ్డి కొనిన యెడల ఆ శాపము తెగునట! పూర్వజన్మను తీసివేసి ముత్తాతను పెట్టిరి. గురువును తీసివేసి తమను పెట్టుకొనిరి. గోథిక్ నవలకు మూలపురుషుడైన వాల్‌పోల్ తన పుస్తకపు ముందుమాటలో, తండ్రుల పాపము మూడు నాలుగు తరముల పిల్లలమీదికి వచ్చునన్నదే తన కథ నీతి యని చెప్పుచు, ఇంతకంటె ఉపయోగకరమైన నీతి దొరికిన బాగుండెడిదని తానే ఒప్పుకొనెను. మన ప్రసంగీకులకు ఆపాటి సందేహమైనను లేదు. తండ్రులు తిన్న పుల్లని ద్రాక్షలకు పిల్లల పండ్లు పులియునను సామెత ఇకమీదట పలుకకూడదని దేవుడు యెహెజ్కేలు ప్రవక్త ద్వారా ఒక అధ్యాయమంతయు చెప్పించెను గదా. ఆ పదునెనిమిదవ అధ్యాయమును ఈ రాత్రి ఇంటిలో చదువుడి.

ఇంకను దగ్గరకు వత్తును. నా సంగతి చెప్పుచున్నాను. ఇరువది ఏండ్ల క్రిందట, నేను వేరొక ఊరిలో సేవ చేయుచున్న దినములలో, ఒక చిన్న వయస్సు సహోదరి రాత్రివేళ పాస్టరు యింటి తలుపు తట్టెను. చేతులమీద వాతలు చూపెను. నేనేమి చేసితిని? ప్రార్థన చేసితిని. సిలువ మోయుటనుగూర్చి చెప్పితిని. "ఓర్చుకో అమ్మా, దేవుడు చూస్తున్నాడు" అని చెప్పి, తెల్లవారకముందే, ఇద్దరు పెద్దలను తోడిచ్చి ఆమెను ఆ యింటికే పంపితిని. మూడు నెలలకు ఆమెను బావిలోనుండి తీసిరి. కాలు జారి పడెనని పెద్దలు చెప్పిరి. సమాధి ప్రార్థనలో నేనును ఆ మాటనే పలికితిని. నాకు తెలిసియుండియు పలికితిని.

ప్రియులారా, ఇటమ్ మోట్ గోడ కట్టినది ఒక గర్విష్ఠియైన యజమానురాలని నవలలో చదివి కోపించితిని. ఆ రాత్రి పుస్తకము మూసిన తరువాత, నేను కట్టిన గోడ నా కండ్లకు కనబడెను. దానికి కర్మ అను పేరు పెట్టలేదు. సిలువ అను పరిశుద్ధమైన పేరు పెట్టితిని. పేరు మారినంతమాత్రమున లోపల ఊపిరి ఆడునా? మన ప్రభువు తన సిలువను తానే ఎత్తుకొనెను. ఇతరుల వీపుమీద కర్రతో కొట్టి ఇది నీ సిలువ అని ఆయన ఎన్నడును చెప్పలేదు.

అందుచేత ఈ వేసవిలో ఆ సహోదరికి నేను పాత జవాబు చెప్పలేదు. "అమ్మా, ఇది ఏ జన్మ పాపమో కాదు, నీ భర్త నిన్న రాత్రి చేసిన పాపము" అంటిని. ఆమె నన్ను వింతగా చూచెను. అంత సులభమైన సంగతి ఎవరును ఆమెకు చెప్పియుండలేదు. స్త్రీల సమాజపు పెద్దమ్మగారిని, సంఘపు పెద్దలిద్దరిని వెంటబెట్టుకొని ఆ సాయంకాలమే వారి యింటికి పోతిమి. అతని యెదుట, అతని పేరు పెట్టి, అతని పాపమును పాపమని చెప్పితిమి. ఆమెను పిల్లలతోకూడ అన్నగారి యింట దింపితిమి. గృహహింసనుండి స్త్రీలను కాపాడుటకు 2005లో చేసిన చట్టమున్నదనియు, 181 నంబరుకు ఫోను చేసిన సహాయము దొరకుననియు ఆమెకు చెప్పితిమి. మా పెద్దలలో ఒకరు ఇంటి గుట్టు వీధికెక్కించితిమని నామీద కోపించి రెండు వారములు ఆరాధనకు రాలేదు. అతడు బాగుపడెనా? ఇంకను చెప్పలేను. త్రాగకుండ రెండుసార్లు మందిరమునకు వచ్చెను, మూడవసారి రాలేదు. ఇది నవల కాదు గనుక చివరి అధ్యాయము నా చేతిలో లేదు.

ఈ సంగతులన్నియు మా అన్నగారి కుమార్తెతో చెప్పగా, ఆమె కొంతసేపు మౌనముగా నుండి ఇట్లనెను: "కానీ బాబాయ్, ఆ గోడలో చచ్చిపోయిన సీలియాకి ఈ లోకంలో దిక్కెవరు? ఇంకో జన్మైనా ఇద్దామని రచయిత్రి జాలిపడింది. అది తప్పా?"

ఇది మంచి ప్రశ్న. ఈ నవలనుగూర్చి నేను విన్నవానిలో న్యాయమైన మాట ఇదియే. నేనిట్లు చెప్పితిని: ఆ జాలి తప్పు కాదు. అన్యాయముగా చచ్చినవారికి చావుతో అంతా ముగిసెనని ఒప్పుకొనని మనస్సు దేవుడిచ్చిన మనస్సు. కాని ఆ జాలి చచ్చినదానిని చేరినదా? చూడుము. గోడలో చచ్చినది దిక్కులేని బీద పిల్ల. నాలుగు వందల ఏండ్లకు సుఖపడినది అదే పేరుగల ఒక కోటీశ్వరుని కుమార్తె. ఆకలిగొన్నది ఒకరు, అన్నము తిన్నది ఒకరు. ఆ పిల్ల గోడలోనే యున్నది. ఆమె కడుపులోని బిడ్డయు అక్కడే యున్నది. ఆమెకు కావలసినది మరియొక స్త్రీగా పుట్టుట కాదు. తానే, తన పేరుతోనే, పిలువబడుట. మనము పునరుత్థానమని నమ్మునది దీనినే. లేచిన ప్రభువు చేతులలో మేకుల గురుతులు చెరిగిపోలేదు. ఆయన మరియొకడై రాలేదు, కొట్టబడినవాడే లేచెను. బావిలో పడిన నా సహోదరి కూడ మరియొక జన్మలో నన్ను మరచిపోదు. ఆమె ఆమెయై నా యెదుట నిలుచును. ఆ దినమున నేను చెప్పవలసిన జవాబు ఈ దినమున నేర్చుకొనుచున్నాను.

ఇట్టి నవలలు చదువవద్దని నేను మీ పిల్లలను శాసింపను. చదువనిండు. కాని చదివిన ప్రతిసారి మూడు ప్రశ్నలు అడుగుటకు నేర్పుడి. ఇందులో దెబ్బ కొట్టినది ఎవరు? ఆ దెబ్బకు కారణము ఎవరి నెత్తిన పెట్టిరి? న్యాయము జరిగినది దెబ్బ తిన్నవారికేనా? ఈ మూడు ప్రశ్నలకు నిలిచిన కథ మంచి కథ. నిలువని కథ ఎంత పట్టు కట్టినను పాత గోడయే.

పెద్దలారా, పాస్టరులారా, మీతో ఒక్క మాట. ఈ రాత్రి ఎవరైనను మీ తలుపు తట్టినయెడల, సిలువనుగూర్చి ప్రసంగము మొదలుపెట్టకముందు దీపము పెద్దదిచేసి, ఆమె ముఖమును చూడుడి. వెనుకటి జన్మను వెదకకుడి, ముత్తాతను వెదకకుడి. గునపము వెదకుడి. మన మందిరములు గోడల చాటున ఊపిరాడనివారికి తలుపులు తెరచు స్థలములగునట్లు ప్రభువు మనలను క్షమించి బలపరచునుగాక. ఆమేన్.